మంట ఇచ్చే సాక్ష్యం

పొయ్యి మీద పప్పు పొంగి బర్నర్ మీద ఒలికితే, అప్పటిదాకా నీలంగా మండుతున్న గ్యాస్ మంట ఒక్కసారిగా పసుపు రంగుకు తిరుగుతుంది. వంట చేసేవాళ్లకు ఇది వింతేమీ కాదు. మంట తగ్గించి, మూత పక్కకు జరిపి పని కానిస్తారు. అదే ఇంట్లో దేవుడి ముందు వెలిగే నూనె దీపానిదీ పసుపు మంటే. రెండు పసుపులనూ పక్కపక్కన పెట్టి చూసినా కంటికి పెద్ద తేడా తెలియదు. వాటి కారణాలకు మాత్రం ఒకదానితో ఒకదానికి సంబంధమే లేదు. దీపంలో నూనె పూర్తిగా కాలక మిగిలిన కార్బన్ నలుసులు వేడికి కణకణలాడుతూ వెలుగుతాయి. ఆ మంట మీద ఇత్తడి పళ్లెం బోర్లిస్తే నల్లగా పట్టే కాటుక ఆ నలుసులే. పొంగిన పప్పు తెచ్చిన పసుపు అందులో వేసిన ఉప్పుది, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఉప్పులోని సోడియం అనే లోహానిది. ఒకే రంగుకు రెండు కారణాలున్నప్పుడు, రంగు చూసి కారణం చెప్పడం ఎలా కుదురుతుంది? జ్వాలా పరీక్ష అనే పాత పద్ధతి మంచిచెడ్డలన్నీ ఈ ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఉన్నాయి.

పరీక్ష చేయడం చాలా తేలిక. ప్లాటినం తీగను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, రంగులేని మంటలో కాల్చి శుభ్రం చేస్తారు. మళ్లీ ఆమ్లంలో ముంచి, పరీక్షించాల్సిన లవణాన్ని రవ్వంత అంటించి మంట అంచున పెడతారు. ఆమ్లం వాడడానికి కారణం ఉంది: లోహాల క్లోరైడ్లు చాలావరకు తేలిగ్గా ఆవిరవుతాయి, ఆవిరి కానిది మంటకు రంగు ఇవ్వలేదు. సోడియం చిక్కటి పసుపు, పొటాషియం లేత ఊదా, లిథియం నిగనిగలాడే ఎరుపు, కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం రక్తంలాంటి ఎరుపు, బేరియం పసుపు కలిసిన లేతాకుపచ్చ, రాగి నీలం కలిసిన ఆకుపచ్చ. ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్ రాసే ప్రతి విద్యార్థీ ఈ జాబితాను కంఠస్థం చేస్తాడు. కంఠస్థం చేసినవాడికి ఇదొక నిఘంటువులా కనిపిస్తుంది, ఇటు రంగు, అటు లోహం. ఈ పరీక్షను చిన్నచూపు చూసేవాళ్లూ దాన్ని నిఘంటువుగానే చూస్తారు, తప్పులున్న నిఘంటువని అంటారు. ఈ అధ్యాయంలో నా వాదన వేరు. మంటను సాక్షిగా చూడాలి. ఈ సాక్షి ‘ఉంది’ అన్నప్పుడు ఆ మాటకు చాలా బలం ఉంటుంది. ఏమీ అనకుండా ఊరుకుంటే ‘లేదు’ అని రాసుకోవడానికి వీల్లేదు. పైగా సాక్షి ఎంత చెప్పినా, వినేవాడు విన్నంతే నమోదవుతుంది. ఈ మూడు సంగతులనూ విడివిడిగా పట్టుకుంటే జ్వాలా పరీక్ష మీద వచ్చే అభ్యంతరాల్లో ఏది ఎక్కడికి చెందుతుందో తేలిపోతుంది.

ముందు ఆ బలం సంగతి. మన ఊళ్లలో చాకళ్లు బట్టలు ఉడకబెట్టడానికి చౌడు మట్టి వాడేవాళ్లు, అంట్లు తోమడానికి కట్టెల బూడిద వాడేవాళ్లు. రెండూ జిడ్డును వదిలిస్తాయి, రెండూ నీళ్లలో కలిపితే చేతికి జారుడుగా తగులుతాయి. చౌడులో ఉన్నది ముఖ్యంగా సోడియం కార్బొనేటు, బూడిదలో ఉన్నది పొటాషియం కార్బొనేటు. ఈ రెండు క్షారాలూ నిజంగా వేరువేరు పదార్థాలా, ఒకే పదార్థం రెండు రకాల మలినాలతో కలిసి వచ్చిందా అన్నది 18వ శతాబ్దపు ఐరోపాలో తేలని తగువు. బెర్లిన్‌లో పనిచేసిన ఆండ్రియాస్ మార్‌గ్రాఫ్ 1758 ప్రాంతంలో రెండు క్షారాలతోనూ సురేకారం లాంటి లవణాలు తయారుచేసి మండించాడు. ఒకటి పసుపుగా, మరొకటి నీలి ఛాయలో మండాయి. సోడియం, పొటాషియం అనే లోహాలున్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. హంఫ్రీ డేవీ విద్యుత్తుతో వాటిని విడదీసింది 1807లో. అంటే లోహాలు చేతికి చిక్కడానికి దాదాపు యాభై ఏళ్ల ముందే, ఇక్కడున్నది ఇద్దరు, ఒక్కరు కాదు అని మంట చెప్పేసింది. వస్తువును చూడకముందే దాని ఉనికిని నిలబెట్టగలిగిన పరీక్ష రసాయన శాస్త్రంలో అంతకుముందు అరుదు.

మంట ఆ మాట అనగలగడానికి ఆధారం పరమాణువు లోపలే ఉంది. సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లుంటాయి. పది లోపలి గూళ్లలో బిగుసుకుని ఉండగా, పదకొండోది బయట ఒంటరిగా, వదులుగా ఉంటుంది. మంట వేడికి పరమాణువులు ఢీకొన్నప్పుడు ఈ ఒంటరి ఎలక్ట్రాన్ ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. అక్కడ అది సెకనులో కోటి వంతుకంటే కూడా తక్కువ కాలం నిలిచి కిందికి దిగుతుంది. దిగేటప్పుడు ఎక్కడానికి పట్టినంత శక్తినే వెలుగుగా వదులుతుంది. ఆ మెట్టు ఎత్తు సోడియానికి స్థిరం. అందుకే వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యమూ స్థిరం, 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర పక్కపక్కనే ఉండే రెండు గీతలు. సోడియం మంటలోకి ఉప్పుగా వచ్చిందా, వంటసోడాగా వచ్చిందా, చౌడుగా వచ్చిందా అన్నదానితో పని లేదు. మంటలో ఆ లవణం విచ్ఛిన్నమై సోడియం పరమాణువులు విడిపోతాయి, విడి పరమాణువుకు తన పాత బంధుత్వాలు గుర్తుండవు. వేరే ఏ మూలకానికీ సరిగ్గా ఇదే మెట్ల వరస ఉండదు. కాబట్టి ఆ రెండు గీతలూ కనిపిస్తే సోడియం ఉందనడంలో సందేహానికి తావు లేదు. వేలిముద్రతో పోల్చడం పరిపాటే గానీ ఇది అంతకన్నా గట్టిది. వేలిముద్రలు ఒకదాన్ని పోలినది మరొకటి ఉండకపోవడం అనుభవం చెప్పిన మాట, పరమాణువు గీతలు వేరుగా ఉండి తీరాలన్నది దాని నిర్మాణం చెప్పే మాట.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. గీతల సంగతి సరే, తీగ పట్టుకుని మంట ముందు నిలబడ్డ మనిషికి గీతలు కనిపించవు కదా, రంగు మాత్రమే కనిపిస్తుంది. లిథియం ఎరుపునూ స్ట్రాన్షియం ఎరుపునూ ఎంతమంది తేడా పట్టగలరు? బేరియం ఆకుపచ్చ, రాగి ఆకుపచ్చ పక్కన, లోహమే కాని బోరాన్ ఇచ్చే ఆకుపచ్చ పెడితే ఏది ఏదో చెప్పడం తలపండినవాళ్లకూ కష్టమే. అభ్యంతరం నిజమైనదే, కాకపోతే అది తగలాల్సింది మంటకు కాదు, కంటికి. మన కంటిలో రంగును పసిగట్టే కణాలు మూడు రకాలే. లోపలికి ఎన్ని తరంగదైర్ఘ్యాలు వచ్చినా వాటన్నిటినీ ఆ మూడు ఖాతాల్లో జమచేసి, వచ్చిన మొత్తాన్ని బట్టి మెదడు ఒక రంగు పేరు చెబుతుంది. మొబైల్ ఫోను తెర మీద పసుపు చామంతి బొమ్మ చూస్తే, ఆ చోట నిజంగా వెలుగుతున్నవి ఎర్ర చుక్కలూ ఆకుపచ్చ చుక్కలూ. విడిగా పసుపు చుక్క అంటూ తెరలో ఉండదు. అయినా కంటికి అది సోడియం పసుపు లాగే తోస్తుంది. వచ్చిన వెలుగులను కూడి మొత్తం చెప్పడమే కంటికి తెలుసు, పద్దు విప్పి చూపించడం దానికి చేతకాదు. మంట మాత్రం పద్దు మొత్తం చదువుతూనే ఉంటుంది. కాబట్టి చేయాల్సిందల్లా మంటకూ కంటికీ మధ్య ఆ పద్దు విప్పగలిగినదాన్ని దేన్నైనా నిలబెట్టడం.

ఆ పని పట్టకం చేస్తుంది. 1752లోనే థామస్ మెల్విల్ ఉప్పు కలిపిన మంటను పట్టకంలోంచి చూసి, పసుపు ఒక్కచోటే గుమిగూడి కనిపిస్తోందని గమనించాడు. 1834లో విలియం టాల్బట్ లిథియం, స్ట్రాన్షియం ఎర్రమంటలను పట్టకంతో చూశాడు. కంటికి ఇంచుమించు ఒకటిగా ఉన్న ఆ రెండింటిలో లిథియం ఒకే ఒక ఎర్రగీతగా నిలిచింది. స్ట్రాన్షియం అనేక ఎర్రపట్టీలుగా, నారింజగా, వాటికి దూరంగా ఒక నీలిగీతగా విడిపోయింది. అయినా పద్ధతి నిలదొక్కుకోలేదు. అప్పటి దీపాల మంటకు సొంత రంగు ఉండేది, లవణాలు శుభ్రంగా ఉండేవి కావు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్, పరికరాల నిపుణుడు పీటర్ డెసాగా కలిసి 1855లో రూపొందించిన బర్నర్ ఆ చిక్కును తీర్చింది. గ్యాసునూ గాలినీ కాలకముందే కలపడం దాని కిటుకు. కార్బన్ నలుసులు మిగలవు, మంట వేడిగా ఉంటుంది, దాదాపు రంగులేకుండా ఉంటుంది. బున్సెన్ మొదట రంగు అద్దాలు, నీలిమందు ద్రావణం అడ్డుపెట్టి మంటలను వేరుచేయడానికి ప్రయత్నించాడు. 1859లో భౌతిక శాస్త్రవేత్త గుస్తావ్ కిర్కాఫ్ పట్టకం వాడమని సలహా ఇచ్చాడు. కార్బన్ డైసల్ఫైడ్ నింపిన బోలు పట్టకం, రెండు దూరదర్శిని గొట్టాలు, ఒక చుట్టల పెట్టె, వీటితో వాళ్ల మొదటి వర్ణపటదర్శిని తయారైంది. కొత్తగా మారింది మంట కాదు, మంట మాట వినే విధానం.

వినడం బాగుపడగానే రెండో అభ్యంతరం ముందుకొచ్చింది. సోడియం గీత అన్ని మంటల్లోనూ కనిపించింది, అసలు సోడియమే వేయని మంటల్లో కూడా. ఎప్పుడూ ‘ఉంది, ఉంది’ అనే సాక్షిని నమ్మడమెలా? ఈ సందేహాన్ని బున్సెన్, కిర్కాఫ్ ఒక చక్కని ప్రయోగంతో తీర్చారు. గదిలో ఒక మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేటును పాలచక్కెరతో కలిపి పేల్చి, దూరంగా మరో మూల మండుతున్న మంటను పరికరంతో చూస్తూ కూర్చున్నారు. కొన్ని నిమిషాల్లో ఆ మంటలో సోడియం గీత వెలిగింది. గది పరిమాణాన్నీ, మంటలోకి వెళ్లే గాలినీ లెక్కకట్టి, ఒక మిల్లీగ్రాములో 30 లక్షల వంతు సోడియం లవణాన్ని కూడా మంట పట్టిస్తోందని తేల్చారు. అంటే సాక్షి అబద్ధం ఆడడం లేదు. సముద్రపు గాలిలో, ధూళిలో, చేతి చెమటలో, అన్నిటిలో సోడియం నిజంగానే ఉంది. పొరపాటు జరిగేది ‘ఉంది’ అన్న మాటను ‘చాలా ఉంది’ అని విన్నప్పుడు. ప్రయోగశాలలో విద్యార్థికి కూడా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. పొటాషియం లవణంలో చిటికెడు ఉప్పు కలిసినా పసుపు ఊదాను మింగేస్తుంది. దీనికి విరుగుడు నీలి కోబాల్టు గాజు. అది 589 నానోమీటర్ల పసుపును దాదాపు పూర్తిగా పీల్చేసుకుని, పొటాషియం ఇచ్చే ఎర్రటి అంచు వెలుగునూ ఊదా వెలుగునూ వదులుతుంది. గోల చేస్తున్నవాణ్ణి బయట నిలబెట్టి, మెల్లగా మాట్లాడేవాడి మాట వినడం లాంటిది ఈ ఏర్పాటు.

‘ఉంది’ అన్న మాటకున్న బలాన్ని రుజువు చేయడానికి, అప్పటికి ఎవరికీ తెలియని మూలకాన్ని మంట పట్టివ్వడం కన్నా గట్టి ఆధారం ఉండదు. 1860లో డ్యుర్క్‌హైమ్ ఊటనీళ్లను మరిగించి చిక్కబరచి మంటలో పెడితే, తెలిసిన ఏ లోహానికీ చెందని రెండు నీలిగీతలు కనిపించాయి. కంటికి కనిపించే మంట రంగులో మాత్రం విశేషమేమీ లేదు. ఈ రెండు గీతల మీద నమ్మకంతో బున్సెన్ సుమారు 44,000 కిలోల ఊటనీటిని ఆవిరి చేయించాడు. చివరకు దక్కిన కొత్త లవణం దాదాపు 7 గ్రాములు. ఆకాశనీలం అన్న అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి ఆ మూలకానికి సీజియం అని పేరు పెట్టారు. మరుసటి ఏడు ముదురు ఎర్రగీతల వల్ల రుబీడియం, అదే ఏడు ఇంగ్లండులో విలియం క్రూక్స్ చూసిన ఆకుపచ్చ గీతతో థాలియం బయటపడ్డాయి. 1863లో ఇండియం దొరికిన తీరు మన వాదనకు ఇంకా దగ్గరగా వస్తుంది. జింకు ఖనిజాన్ని పరిశోధిస్తున్న ఫెర్డినాండ్ రైష్‌కు రంగుల తేడా తెలియదు. అందుకని వర్ణపటాన్ని చూసే పని థియోడర్ రిక్టర్‌కు అప్పగించాడు. రిక్టర్‌కు కనిపించిన నీలిమందు రంగు గీతే కొత్త మూలకానికి పేరైంది. అప్పటికే ఈ విద్యలో రంగు పేరుకు ఉన్న ప్రాధాన్యం తగ్గింది, గీత ఏ చోట పడిందన్నదే అసలు విషయమైంది.

రంగుకూ చోటుకూ ఉన్న ఈ తేడా ఎంత దూరం పోగలదో చూపించిన ఘటనకు మన గుంటూరు ఒక వేదిక. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా పడి తెలుగు తీరాన్ని దాటింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు బిగించి కూర్చున్నారు. చంద్రబింబం సూర్యుణ్ణి పూర్తిగా కప్పినప్పుడు అంచున లేచే ఎర్రటి అగ్నిశిఖలను ఆనాడు తొలిసారిగా వర్ణపటదర్శినితో చూశారు. వెలుగు గీతలు విడివిడిగా కనిపించాయి కాబట్టి అవి వేడికి వెలుగుతున్న వాయువులని తేలింది. వాటిలో ఒక పసుపుగీత ఉంది. పసుపు అనగానే సోడియం అనుకోవడం సహజం. ఆనాడు చూసినవాళ్లలో పలువురు దాన్ని సోడియం గీత దగ్గరే లెక్కించారు. అక్టోబరులో ఇంగ్లండులో గ్రహణంతో పని లేకుండా సూర్యుడి అంచును పరిశీలించిన నార్మన్ లాకియర్ దాని చోటును కచ్చితంగా కొలిచాడు. అది 589.0 దగ్గర లేదు, 587.6 దగ్గర ఉంది. ఒకటిన్నర నానోమీటరు కూడా లేని తేడా. రెండు పసుపులనూ కన్ను ఒక్కటే అంటుంది. కొలత మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోకపోవడం నుంచే హీలియం అనే పేరు పుట్టింది. సూర్యుడిలో ఉందన్న ఆ మూలకాన్ని విలియం రామ్సే 1895లో యురేనియం ఖనిజం నుంచి రాబట్టి చూపించేదాకా చాలామంది నమ్మలేదు. హీలియం లోహం కాదు, సూర్యుడు బర్నర్ మంట కాదు. అయినా పసుపు కనిపించగానే సోడియం అని రాసుకోవడంలో ఉన్న ప్రమాదాన్ని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు.

ఇప్పటిదాకా వచ్చిన అభ్యంతరాలను కంటి మీదికి నెట్టగలిగాం. మూడో అభ్యంతరం దగ్గర ఆ సాకు చెల్లదు. మెగ్నీషియం లవణాన్ని మంటలో పెడితే ఏ రంగూ రాదు. జింకుకూ గుర్తుపట్టగల రంగు లేదు. ఇనుముదీ దాదాపు అదే కథ. ఇక్కడ వినేవాడి తప్పు కన్నా సాక్షి అశక్తత ఎక్కువ. సోడియం మెట్టు ఎత్తు సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. మంట వేడి 2,000 కెల్విన్ల ప్రాంతంలో ఉందనుకుంటే, ఏ క్షణంలో చూసినా లక్ష సోడియం పరమాణువుల్లో ఒకటీ అరా మాత్రమే ఆ మెట్టు మీద ఉంటాయి. మంటను అంతగా నింపేసే పసుపు అంతా ఆ కొద్దిపాటి పరమాణువులు మళ్లీ మళ్లీ ఎక్కి దిగడం వల్ల వచ్చిందే. మెగ్నీషియం ముఖ్యమైన మెట్టు ఎత్తు సుమారు 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే ఇంచుమించు రెండింతలు. మెట్టు రెండింతలైతే ఎక్కేవాళ్లు సగానికి తగ్గుతారని అనుకోకూడదు. అదే లెక్క ప్రకారం పదివేల కోట్ల పరమాణువుల్లో ఏ రెండో మూడో ఎక్కగలవు. ఎక్కినవి దిగేటప్పుడు వదిలే వెలుగు 285 నానోమీటర్ల దగ్గర, అతినీలలోహితంలో ఉంటుంది, అది మన కంటికి కనిపించదు. జింకు గీత 214 నానోమీటర్ల దగ్గర ఇంకా అవతల ఉంది. దీపావళి మతాబులో కళ్లు జిగేల్మనేలా మండే మెగ్నీషియం తెల్లవెలుగు దీనికి విరుద్ధం కాదు. అది లోహం తానే మండి ఏర్పడ్డ ఆక్సైడు నలుసులు విపరీతమైన వేడికి వెలగడం, దీపంలో మసి వెలిగినట్టే. అందులో మెగ్నీషియం సంతకం వెతకడం వృథా. కాబట్టి మంట మౌనంగా ఉందంటే అర్థం ‘లేదు’ అని కాదు, ‘ఈ వేడిలో నేను చెప్పగలిగింది ఏమీ లేదు’ అని మాత్రమే.

నాలుగో అభ్యంతరం సూక్ష్మమైనది, పాఠ్యపుస్తకాలు సాధారణంగా దాటవేసేది. ఎలక్ట్రాన్ మెట్లెక్కి దిగే కథ సోడియం, పొటాషియం, లిథియంలకు సరిగ్గా సరిపోతుంది. కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం ఎరుపు, బేరియం ఆకుపచ్చ ముఖ్యంగా విడి పరమాణువుల నుంచి వచ్చేవి కావు. మంటలో ఆ లోహం హైడ్రాక్సిల్‌తోనో క్లోరిన్‌తోనో జతకట్టి క్షణకాలం బతికే చిన్న అణువులు ఏర్పడతాయి, ఆ రంగులు వాటివి. అందుకే పట్టకంలో చూస్తే సన్నని గీతలకు బదులు వెడల్పాటి పట్టీలు కనిపిస్తాయి. టాల్బట్ చూసిన స్ట్రాన్షియం నీలిగీత విడి పరమాణువుది, ఎర్రపట్టీలు జంటలవి. విడి పరమాణువుకు పాత బంధుత్వాలు గుర్తుండవని పైన అన్న మాట ఈ లోహాల దగ్గర పూర్తిగా చెల్లదు. రాగి దీనికి నిలువెత్తు సాక్ష్యం. క్లోరిన్ తోడుంటే మంట నీలానికి మొగ్గుతుంది, లేకపోతే ఆకుపచ్చకు. బాణసంచా చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. నీలం కావాలంటే రాగి లవణంతో పాటు క్లోరిన్ ఇచ్చే పదార్థాన్నీ కలపక తప్పదు. అయితే ఈ బలహీనతను కూడా ప్రశ్న తిరగేసి బలంగా మార్చుకున్నవాడు ఉన్నాడు. 1872లో ఫ్రెడ్రిక్ బైల్‌స్టైన్ ప్రకటించిన పరీక్షలో, రాగితీగను ఎర్రగా కాల్చి, దానికి కర్బన పదార్థాన్ని అంటించి మంటలో పెడతారు. నీలం కలిసిన ఆకుపచ్చ వస్తే ఆ పదార్థంలో క్లోరిన్ వర్గపు మూలకం ఉందన్నమాట. ఇక్కడ లోహం మనకు ముందే తెలుసు, అడుగుతున్నది దాని తోడు ఎవరని. ఒకే మంట, ఒకే ఆకుపచ్చ. జవాబు మాత్రం మనం వేసిన ప్రశ్నను బట్టి మారింది.

ప్రశ్నను ఇరుకు చేసేకొద్దీ సాక్ష్యం పదునెక్కుతుందన్న ఈ సూత్రాన్నే ప్రయోగశాల లవణ విశ్లేషణ పాటిస్తుంది. తెలియని తెల్లపొడిని తెచ్చి నేరుగా మంటలో పెట్టి పేరు చెప్పమనడం అన్యాయం. ముందు కారకాలతో ఒక్కొక్క గ్రూపునూ అవక్షేపంగా దించేసి, అయిదో గ్రూపు దగ్గరికి వచ్చేసరికి మిగిలే అవకాశాలు మూడే: బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం. ఇప్పుడు ఆకుపచ్చ వస్తే రాగితో పొరబడే ప్రమాదం లేదు, రాగి ఎప్పుడో రెండో గ్రూపులో దిగిపోయింది. బోరాన్ సంగతి ఆమ్ల భాగాన్ని పరీక్షించేటప్పుడు తేలుతుంది. రెండు ఎరుపుల మధ్య, వాటికీ ఒక ఆకుపచ్చకూ మధ్య తేడా చెప్పడమే కంటికి మిగిలిన పని. ఆ మాత్రం కన్ను చేయగలదు. జ్వాలా పరీక్షను ఎగతాళి చేసేవాళ్లు దాన్ని ఈ వరసలోంచి పెరికి ఒంటరిగా నిలబెట్టి, ఒంటరిగా నిలవలేదని అంటారు. న్యాయస్థానంలో ఏ సాక్షినైనా మిగతా ఆధారాలకు దూరంగా నిలబెడితే అంతే అవుతుంది.

వినే యంత్రం మారితే మంట ఎంత దూరం వెళ్లగలదో మన పొలాలే చెబుతాయి. భూసార పరీక్షా కేంద్రంలో మట్టిని అమ్మోనియం ఎసిటేటు ద్రావణంతో కలిపి, వడకట్టి, ఆ ద్రావణాన్ని సన్నటి తుంపరగా మంటలోకి పంపుతారు. కంటి చోట ఒక వడపోత అద్దం, కాంతిని కొలిచే ఘటం ఉంటాయి. పొటాషియం వెలుగును మాత్రమే లోపలికి రానిచ్చి, ముందుగా తెలిసిన గాఢతలతో పోల్చి, ఎకరానికి ఎంత పొటాష్ ఉందో చెబుతారు. ఈ జ్వాలా కాంతిమాపకం మార్‌గ్రాఫ్ మంటకు నేరుగా వారసురాలు. అది ‘ఉంది’కి ‘ఎంత’ అన్నదాన్ని కలిపింది. అదే మట్టిలో వరికి కావలసిన జింకు ఎంతుందో మాత్రం అది చెప్పలేదు, ఎందుకంటే జింకు విషయంలో మంట మౌనం. ఆ మౌనాన్ని ఛేదించినవాడు ఆస్ట్రేలియాలో పనిచేసిన అలన్ వాల్ష్. 1955లో అతను ప్రకటించిన పద్ధతి వెనక ఆలోచన ఎంతో సరళం: లక్షలో ఒక పరమాణువు వెలిగితే దాని వెంటే ఎందుకు పడాలి, వెలగని మిగతా 99,999 పరమాణువులను ఎందుకు అడగకూడదు? జింకు వెలుగునే ఇచ్చే ప్రత్యేక దీపాన్ని మంటకు ఒక పక్క ఉంచి, రెండో పక్క నుంచి ఆ వెలుగు ఎంత తగ్గిందో కొలిస్తే చాలు. వెలగని పరమాణువులు తమ మెట్టుకు సరిపోయే వెలుగును పీల్చుకుంటాయి. సూర్యుడి వర్ణపటంలోని నల్లగీతలు అలా పీల్చుకోవడం వల్లే వచ్చాయని కిర్కాఫ్ వందేళ్ల ముందే చెప్పి ఉన్నాడు. ఇవాళ మట్టిలో జింకు, ఇనుము, మాంగనీసు కొలవడానికి వాడుతున్నది ఈ పద్ధతే. మాట్లాడలేని సాక్షిని మాట్లాడించడానికి ఇంకాస్త వేడి పెంచడం ఒక దారి, విద్యుత్ ఆర్కులతో, ప్లాస్మాలతో ఆ పనీ చేస్తున్నారు. వాల్ష్ మాత్రం సాక్షి మౌనాన్నే వాంగ్మూలంగా నమోదు చేసే దారి కనిపెట్టాడు.

ఇన్ని యంత్రాలు వచ్చాక తీగ, ఆమ్లం, బర్నర్ పట్టుకుని పిల్లలకు రంగులు చూపించడం దండగని అనేవాళ్లున్నారు. వాళ్ల వాదనలో ఒక సగం ఒప్పుకోవాలి. రంగుల జాబితాను బట్టీ పట్టించి, మంటలో పసుపు కనిపించగానే ‘సోడియం’ అని రాయించి మార్కులు వేస్తే, నిఘంటువు చదివినట్టే అవుతుంది. ఆ సందర్భంలో దండగే. కానీ యంత్రం తెర మీద వచ్చే అంకె కూడా సాక్ష్యమే. దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే, ఎవరు వెలిగారు, ఎవరు వెలగలేదు, మధ్యలో ఎవరు విని చెప్పారు అనే ప్రశ్నలు అడగడం రావాలి. ఆ ప్రశ్నలన్నీ కంటికెదురుగా, రెండు నిమిషాల్లో, నయాపైసా ఖర్చు లేకుండా పుట్టే చోటు బర్నర్ మంట ఒక్కటే. దీనికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆర్పి నూనె దీపం వెలిగించి, మూలన పడి ఉన్న పాత సీడీని తిప్పి దాని మీద ఆ మంట ప్రతిబింబాన్ని చూస్తే, దీపం పసుపు ఎరుపు నుంచి ఊదా దాకా ఇంద్రధనుస్సులా విచ్చుకుంటుంది. తరువాత స్టీలు చెంచాను ఉప్పునీళ్లలో ముంచి గ్యాస్ పొయ్యి నీలిమంట అంచున పెట్టి, అదే సీడీలో చూడాలి. ఈ పసుపు విచ్చుకోదు. మంట ఆకారం మొత్తం ఒకే పసుపులో, ఒకే చోట, చెక్కినట్టు నిలబడి ఉంటుంది.